వార్డు నుంచి అసెంబ్లీ దాకా: షోలాపూర్ ఆడం మాస్టర్

మన ఇంటి ముచ్చట్లలో ఈసారి ఫోరస్ రోడ్డు దాటి షోలాపూర్ దాకా పోదాం. మా పెద్దనానమ్మను ఇచ్చింది ఆ ఊరికే. రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి షోలాపూర్. దిగంగానే తెలుగు వినబడేది. చిన్నప్పుడు మాకు అదే పెద్ద వింత. ఇంకో వింత, ఆ ఇంట్లో ఎప్పుడూ వినబడే పేరు: "మాస్టర్ చెప్పిండు", "మాస్టర్ వస్తడు". బడి పంతులేమో అనుకునేవాళ్లం. ఆయన ఎమ్మెల్యే అని తర్వాత తెలిసింది.

ఆయనే నర్సయ్య ఆడం. ఊరంతా ఆడం మాస్టర్ అంటారు. మార్క్సిస్టు పార్టీ మనిషి. మాకు ఏ పార్టీ జెండా లేదు. కానీ మన భాష మాట్లాడే ఒక మనిషి పరాయి రాష్ట్రంలో వార్డు నుంచి శాసనసభ దాకా ఎట్లా పోయాడో, పోయి ఏం చేశాడో మన పిల్లలకు తెలియాలని రాస్తున్నాం.

ముందు ఊరి సంగతి. కామాఠీపురకు మనవాళ్లు కట్టడాల పనికి వచ్చారు, ఆ కామాఠీల పేరే పేటకు నిలిచింది. షోలాపూర్‌కు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. వాళ్లను పిలిచింది మగ్గం. 1877లో అక్కడ మొదటి బట్టల మిల్లు వచ్చింది. తర్వాత మిల్లులు మూతపడ్డాయి, మరమగ్గాలు మిగిలాయి. మగవాళ్లు మగ్గాల మీద, ఆడవాళ్లు ఇంట్లో బీడీల చాట ముందు. మా పెద్దనానమ్మ చేతులకు తంబాకు వాసన ఎప్పుడూ పోయేది కాదు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. బాగాలేవని కొన్ని కట్టలు పక్కన పడేస్తే వాటి కూలి పోయినట్టే.

ఆడం మాస్టర్ రాజకీయం మొదలైంది ఆ ఊరి నగరపాలికలోనే, కార్పొరేటర్‌గా. కార్పొరేటర్ పని ఏంటో చాల్‌లో పెరిగిన మనకు చెప్పనక్కర లేదు. నల్లా, మోరీ, దీపం, రేషన్ కార్డు. పొద్దున్నే తలుపు కొడతారు. ఏ గల్లీలో ఎవరుంటారు, ఎవరికి ఏ కాగితం లేదు, అన్నీ నోటికి రావాలి. బీడీ, మగ్గం కార్మికుల యూనియన్ పని కూడా దాంతోపాటే సాగింది.

1978లో మొదటిసారి ఎమ్మెల్యేగా గెలిచారు. ఆ సభ రెండేళ్లు కూడా నడవలేదు, 1980 ఫిబ్రవరిలో రద్దయింది. మళ్లీ గెలిచింది 1995లో. ఆ తర్వాత 2004లో. 2009లో ప్రణీతి శిండే చేతిలో ఓడారు, తర్వాత మళ్లీ గెలవలేదు. మూడు గెలుపులూ కలిపితే పన్నెండేళ్లు కూడా నిండవు. ఓడిన ఏళ్లే ఎక్కువ.

అయినా ఊరు ఆయన్ని గుర్తుపెట్టుకుంది ఇళ్ల వల్ల. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. గుర్తింపు కార్డు ఉన్న కార్మికురాలికి దవాఖాన, పిల్లల స్కాలర్‌షిప్, ఇంటికి సాయం అని అందులో దారి ఉంది. కానీ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మనిషికి కార్డు ఎవరిస్తారు? ఏ రిజిస్టర్‌లోనూ ఆమె పేరుండదు. కాబట్టి మొదటి పని ఆమె పేరు ఎక్కించడం. తర్వాత సొసైటీ, స్థలం, కేంద్రం వాటా, రాష్ట్రం వాటా, కార్మికురాలి వాటా. దేని వెనక పరిగెత్తాలన్నా ఏళ్లు పడతాయి.

షోలాపూర్ పక్కన కుంభారిలో బీడీ కార్మికుల కోసం 10,000 ఇళ్లు లేచాయి. ఆ కాలనీకి వార్లీ ఆదివాసుల పోరాటం నడిపిన గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఆ ఇళ్లు అప్పజెప్పారు. అప్పుడు మాస్టర్ ఎమ్మెల్యే. తర్వాత వచ్చింది రే నగర్, 30,000 ఇళ్ల పథకం. దానికి 2019 జనవరిలో ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు, 2024 జనవరి 19న వచ్చి 15,000 ఇళ్లు ఇచ్చారు. అప్పటికి మాస్టర్ ఎమ్మెల్యే పదవి పోయి పద్నాలుగేళ్లు దాటాయి.

2019 సభలో మోదీని మెచ్చుకుంటూ మాట్లాడినందుకు సొంత పార్టీ ఆయన్ని కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండ్ చేసింది. ఆయన చేసింది తప్పా ఒప్పా అని మా ఇంట్లోనే రెండు మాటలున్నాయి. బాపు "ఇల్లు ఇచ్చినోడికి దండం పెడితే తప్పేంది" అంటాడు. చిన్నాన్న "జెండా పట్టుకున్నంక జెండా మాట వినాలె" అంటాడు. మేం తీర్పు చెప్పం.

మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒక పేరు ఒక చోట ఒక తీరుగా, ఇంకో చోట ఇంకో తీరుగా ఉంటే సిస్టం ఆ మనిషిని లేనట్టే చూస్తుంది. ఇది మా ఇంటికీ వర్తిస్తుంది. మేం కన్నడ మీడియంలో చదివాం, దగ్గర్లో ఉన్న బడి అదే. మా ఇంటిపేరు సర్టిఫికెట్‌లో కన్నడ తీరుగా, రేషన్ కార్డులో మరాఠీ తీరుగా, ఖోలి భాడా రసీదులో ముత్తాత పేరు ఇంకో తీరుగా ఉంది. ఇప్పుడు కామాఠీపుర అంతా కొత్తగా కట్టాలనే పథకం నడుస్తోంది. రేపు జాబితా వేసినప్పుడు ఈ మూడు పేర్లూ ఒకే ఇంటివని ఎవరు చెప్తారు?

షోలాపూర్ కథలో మాకు పనికొచ్చింది ఇదే. ఎమ్మెల్యే కుర్చీ వచ్చింది, పోయింది. వార్డులో నేర్చుకున్న పని, అంటే మనిషి పేరు కాగితం మీదికి ఎక్కించి, ఆ కాగితం వెనక తిరగడం మాత్రం ఆగలేదు. కుంభారిలో పెద్దనానమ్మ చివరి ఏళ్లు గడిపిన ఇంటి కాగితం మీద ఆమె పేరే ఉంది, తాతది కాదు. అది అందరికీ చూపించేది.

ఫోరస్ రోడ్డు చుట్టాలందరికీ ఒక మాట. ఈ ఆదివారం పెట్టె తీసి పాత రసీదులు చూడండి. పేర్లు ఎట్లా ఉన్నాయో రాసి పెట్టుకోండి. షోలాపూర్ ముచ్చట్లు మీ ఇంట్లో ఉంటే మాకూ చెప్పండి, ఇక్కడే కలుపుతాం.