వేట: పనా, సరదానా, నేరమా?

పోస్టు పొడుగే. కానీ మన గ్రూపులో చాలామంది తమ ఊరి చరిత్ర రాసే పనిలో ఉన్నారు కాబట్టి ఓపిగ్గా చదవండి.

మేం హాస్టల్లో కొందరం కలిసి మా మా ఊళ్ల గురించి రాసుకుంటున్నాం. ఒక్క మాట దగ్గర అందరం ఆగిపోయాం. తాతలు అడవికి పోయి జంతువును కొట్టుకొచ్చేవాళ్లు కదా, దాన్ని ఏమని రాయాలి? ఒకరు వృత్తి అన్నారు. ఒకరు సరదాకి పోయేవాళ్లేమో అన్నారు. ఇంకొకరు అసలు రాయొద్దు, అది నేరం అన్నారు. మూడు మాటలూ ఒకదానికొకటి దగ్గరగానే కనిపిస్తాయి. కానీ ఏ మాట ఎన్నుకున్నామన్నదాన్ని బట్టి తాత కష్టజీవి అవుతాడు, షోకిలా అవుతాడు, లేదా దొంగ అవుతాడు.

ముందు తెలుగులో "వేట" అనే మాటనే చూద్దాం. సముద్రం ఒడ్డున మత్స్యకారులు వేటకు పోయారంటే పనికి పోయారని అర్థం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల మీద వేట నిషేధం. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తుంది. అంటే అక్కడ వేట జీవనాధారమని సర్కారే ఒప్పుకుంది. రాజుగారు వేటకు వెళ్లారంటే అది వినోదం. పేపర్లో "దొంగల కోసం పోలీసుల వేట" అని రాస్తే అది వెంటాడటం. డిగ్రీ అయిపోయినవాళ్లది ఉద్యోగాల వేట. ఊళ్లో అమ్మవారికి కోసే మేకపోతును కూడా వేట అనే అంటారు. ఇన్ని అర్థాలున్న మాట మన దగ్గరికి వచ్చేసరికి కేసు కాగితం మీద ఒక్క అర్థమే మిగిలింది. ఇది ఎలా జరిగింది?

మన పెద్దల వేట ఒక్కరి పని కాదు. విశాఖ మన్యంలో చైత్రంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్లంతా కలిసి వేటకు పోవడం ఆచారం. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు. గోదావరి పక్క కోయల భూమి పండుగలోనూ విత్తనాలకు ముందు వేట ఉంది. దొరికిన మాంసం ఊరంతా పంచుకోవాలి. దీంట్లో పని ఉంది, ఆట ఉంది, మొక్కు ఉంది. ఉద్యోగం వేరు, హాబీ వేరు అని రెండు గళ్లు గీసిన ఫారంలో ఇది ఏ గడిలోనూ పట్టదు. చెంచులకైతే ఏడాది పొడుగునా దుంపలు, తేనె, వేట కలిస్తేనే బతుకు.

1882లో మద్రాసు ప్రెసిడెన్సీకి అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అనేది ఏర్పడింది. అక్కడ నిబంధనలకు విరుద్ధంగా వేటాడినా, ఉచ్చు పెట్టినా, నీళ్లలో మందు కలిపి చేపలు పట్టినా నేరం. "నిబంధనలకు విరుద్ధంగా" అన్న ముక్కను గమనించండి. అంటే నిబంధనల ప్రకారం వేటాడేవాళ్లు కూడా ఉన్నారు. తుపాకీ, పర్మిట్ ఉన్న తెల్ల ఆఫీసర్లు, జమీందార్లు, రాజులు. వాళ్ల వేటకు షికారు అని పేరు. నైజాంలో అయితే వరంగల్ దగ్గరి పాకాల అడవి నవాబు షికార్‌గా. అదే అడవి 1952లో అభయారణ్యం అయింది.

ఆ షికారు ఎలా జరిగేదో తెలుసుకుంటే అసలు విషయం అర్థమవుతుంది. దొర మంచె మీద కూర్చునేవాడు. పులి ఏ వాగుకు నీళ్లకొస్తుందో చెప్పేది అడవి తెలిసిన మనవాళ్లు. డప్పులు కొట్టి, కేకలు పెట్టి, పొదలు బాది జంతువును తుపాకీ ముందుకు తోలేది కూడా మనవాళ్లే. జంతువు తిరగబడితే ముందు ఉండేది వాళ్లే. ఫొటోలో పులి మీద కాలు పెట్టి నిలబడింది దొర. ఒకే రోజు, ఒకే అడవి, ఒకే జంతువు. దొరకు అది సరదా. తోలినవాడికి చాకిరీ. అతనే మర్నాడు తన పిల్లల కోసం కుందేలుకు ఉచ్చు పెడితే అతన్నే తరిమేవాళ్లు. పని, సరదా, తరమడం అనే మూడు మాటలూ ఇలా మనుషుల అంతస్తును బట్టి పంచబడ్డాయి.

చాకిరీకి ఇంకో పేరు వెట్టి. సంస్కృతంలో విష్టి, తెలుగులో వెట్టి. మాట ఎంత పాతదో చాకిరీ అంత పాతది. కానీ పై రికార్డుల్లో వెట్టి అని రాయరు, "పని" అని రాస్తారు. గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించాడని ఒక్క వాక్యంలో రాసేయొచ్చు. సరైన కూలి ఇవ్వకుండా, బలవంతంగా మన్యం జనం చేత వేయించాడు అన్నది రెండో వాక్యం. ఈ రెండో వాక్యం లేకపోతే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, మన్యం వీరులు చింతపల్లి స్టేషన్ మీద ఎందుకు పడ్డారో ఎవరికీ అర్థం కాదు.

అంతకుముందు 1879 రంప తిరుగుబాటులోనూ ఇదే కథ. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కొండమీద మామూలు పని. దాని మీద పన్ను వేశారు, ఆబ్కారీ పాటదార్ల చేతికి ఇచ్చారు. ఇంటి పని ఒక్కసారిగా దొంగపని అయిపోయింది. ఎదురు తిరిగితే దానికి బ్రిటిష్ కాగితాల్లో పెట్టిన పేరు "ఫితూరీ". ఇవాళ తెలుగులో పితూరీ అంటే చాడీ, చిన్న ఫిర్యాదు. అంత పెద్ద పోరాటాన్ని ఎంత చిన్న మాటలో కుదించారో చూడండి.

1922 నుంచి 1924 దాకా అడవిలో వేటాడబడింది మనుషులే. మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చారు. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. గాం మల్లుదొరను పట్టుకుని అండమాన్ పంపారు. అదే మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు గెలిచారు. ఒకే మనిషికి ఫితూరీదారు, ఖైదీ, పార్లమెంటు సభ్యుడు అని మూడు పేర్లు. మనిషి మారలేదు. పేరు పెట్టే అధికారం చేతులు మారింది.

ఎరుకల సోదరుల చరిత్ర ఇంకా చేదు. ఉప్పు, ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మడం వాళ్ల జీవనాల్లో ముఖ్యమైంది. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ వ్యాపారం దెబ్బతింది. అప్పటిదాకా తిరగడం వ్యాపారం. ఆ తర్వాత తిరగడమే అనుమానం. 1871 నేరస్థ తెగల చట్టం వెనక ఉన్న వాదం ఏమిటంటే, నేతా వడ్రంగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టే కొన్ని తెగలకు నేరం కులవృత్తిగా వస్తుందట. "వృత్తి" అనే మంచి మాటను ఇంత ఘోరంగా ఇంకెవరూ వాడి ఉండరు. 1911 చట్టంతో ఇది మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టినవే. 1952లో చట్టం రద్దయింది. అనుమానం మాత్రం రద్దు కాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. చంపడమే కాదు, ఉచ్చు వేయడం, జంతువును తోలడం కూడా అందులో వేట కిందకే వస్తాయి. తమాషా ఏమిటంటే, మొదట్లో లైసెన్సు తీసుకుని కొన్ని జంతువులను వేటాడే వీలు ఆ చట్టంలోనే ఉంది. 1991 సవరణతో గానీ ఆ దారి మూసుకుపోలేదు. లైసెన్సు, తుపాకీ ఎవరి దగ్గర ఉంటాయో మనకు తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులు గుర్తిస్తూ, వేట, ఉచ్చు పెట్టే సంప్రదాయ హక్కును మినహాయించింది. మినహాయించడానికైనా దాన్ని "హక్కు" అని పిలవాల్సి వచ్చింది. ఆ మాట మనం గట్టిగా పట్టుకోవాలి.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మళ్లీ వేటకు పోదాం అని మేం రాయడం లేదు. జంతువులు తగ్గిపోయాయి, వాటిని కాపాడుకోవాలి, చట్టం అందరికీ ఒకటే. మేం అడిగేది ఇవాళ్టి వేట గురించి కాదు, నిన్నటి మాట గురించి. సముద్రంలో వేట ఆపితే అది పని పోవడం అని లెక్క వేసిన చోటే, అడవిలో వేట ఆగిపోయినప్పుడు ఒక కుటుంబం ఏం పోగొట్టుకుందో ఎవరూ లెక్క వేయలేదు. ఎందుకంటే దాన్ని ముందు ఎవరూ పని అని రాయలేదు.

అందుకే ఊరి చరిత్ర రాసేటప్పుడు పెద్దవాళ్లను నాలుగు ప్రశ్నలు అడగండి. మాంసం ఎవరు తిన్నారు? కష్టం ఎవరిది? కూలి ఎవరిచ్చారు, అసలు ఇచ్చారా? చివరికి ఎవరు పరిగెత్తాల్సి వచ్చింది? ఊరు పంచుకు తింటే అది జీవనం అని రాయండి. పండుగ కోసం అయితే ఆచారం అని రాయండి. దొర కోసం తోలి కూలి దొరక్కపోతే వెట్టి అని రాయండి, సాయం అని రాయకండి. గార్డులు వెంటపడితే తరిమారు అనే రాయండి.

ఇంకొకటి. కోయ, గోండి, కువి, సవర, కొలామి, లంబాడీ, ఎవరి భాషలో వాళ్లు వేటకు ఏమంటారు, కూలికి ఏమంటారు, ఆటకు ఏమంటారు, ఇంట్లో అడిగి కింద రాయండి. మూడింటికీ వేర్వేరు మాటలున్నాయా, ఒకటే ఉందా అన్నది కూడా రాయండి. అవ్వాతాతలు ఉన్నప్పుడే అడగాలి.