ఒకే అచ్చు, రెండు గొంతులు

కొన్నేళ్ళ క్రిందట ఒక వృద్ధ పండితుని పద్యపఠనాన్ని మేము రెండు రోజులు రికార్డు చేసినాము. అదే స్టూడియో, అదే కుర్చీ. రెండవనాడు మైక్రోఫోను మాత్రం మారినది. అదియు అదే కంపెనీ చేసిన అదే రకము. తరువాత కలిపి వినగా, సగము పద్యాలలో గొంతు నిండుగాను, తక్కినవానిలో కొంచెము పలుచగాను ఉన్నది. తిరిగి చదివించుదామనుకొనే లోపుననే ఆయన కాలము చేసినారు.

ఒకే అచ్చున పోసిన వస్తువులకు ఈ భేదమెట్లు వచ్చును? బెర్లినులో పుట్టిన ఒక మైక్రోఫోను చరిత్రలో ఇందుకు మంచి సమాధానము దొరకును.

గియోర్గ్ నాయ్‌మన్ అనే ఇంజనీరు మొదట యూజెన్ రైస్ వద్ద పని చేసినాడు. వారి మైకు పాలరాతి దిమ్మెలో పరచిన బొగ్గుపొడి. ధ్వని తగిలినప్పుడు ఆ పొడి నొక్కుకొని, సడలి, విద్యుత్తును హెచ్చుతగ్గులు చేయును. పొడి గడ్డకట్టెనా, గొంతు మారినట్లే. ఇతర మైకులతో పోలిక మాట అటుంచి, దానికి దానితోనే పోలిక కుదిరేది కాదు!

1928లో నాయ్‌మన్ బెర్లినులో సొంత కర్మాగారము స్థాపించి, సీసా ఆకారము గల కండెన్సరు మైకును విపణికి తెచ్చినాడు. 1930లలో దానికి ఎం 7 అనే తల వచ్చినది. రంధ్రాలు తొలిచిన ఇత్తడి బిళ్ళ. దాని ఎదుట బంగారు పూత గల పి.వి.సి. పొర. పొర మందము మిల్లీమీటరులో ఇంచుమించు నూరవవంతు. బిళ్ళకును పొరకును నడుమ ఎడము వెంట్రుక కన్న తక్కువ. ఈ పొరను ఎంత బిగువుగా లాగినారు, రంధ్రాలను ఎంత లోతుగా తొలిచినారు అనువాటిపై నాదము ఆధారపడును. మన మృదంగములను చూడండి. ఒకే పనివాడు మూసినవే, ఒకే శ్రుతికి చేర్చినవే. అయినను వాద్యకాని చెవి కళ్ళు మూసుకొని వేరు చెప్పగలదు. చర్మము వేరు, బిగువు వేరు.

1943లో బాంబుదాడులకు బెర్లిను కర్మాగారము దెబ్బతినగా, పని థురింగియాలోని గేఫెల్ అనే చిన్న ఊరికి తరలినది. యుద్ధానంతరము ఆ ఊరు సోవియట్ మండలములో చిక్కినది. నాయ్‌మన్ బెర్లినులో మరల సంస్థను ఆరంభించినాడు. ఇట్లు ఒకే ఎం 7 రెండు చోట్ల, రెండు జట్ల పనివారి చేతులలో తయారు కాజొచ్చెను.

1949లో బెర్లిను నుండి వెలువడిన యు 47 లోకప్రసిద్ధము. దానిలోని వి.ఎఫ్. 14 వాల్వు మైకుల కొరకు పుట్టినది కాదు, రేడియో పెట్టెల కొరకు పుట్టినది. టెలిఫుంకెన్ చేసిన వాల్వులలో రొద తక్కువగా ఉన్నవానిని ఏరి, ఎం అక్షరముద్ర వేసేవారు. 55 వోల్టుల తీగను సుమారు 35 వోల్టులతోనే వేడి చేసేవారు. ఏరినవైనను ఒకదానికొకటి సరిసమానము కావు. వాల్వు తయారీ ఆగిపోవుటతో యు 47కు కాలము చెల్లినది. 1965లో దాని ఉత్పత్తి నిలిచినది.

ఈలోగా, 1960 ప్రాంతములో, బెర్లినువారు పి.వి.సి. విడిచి పాలియెస్టరు పొర వాడినారు. పి.వి.సి. ఏళ్ళు గడిచినకొలది బిరుసెక్కును, బీటలు వారును. అయినను పేరు మారలేదు, యు 47 యు 47గానే ఉన్నది! మరొక చిత్రము: అదే మైకు కొంతకాలము టెలిఫుంకెన్ బిళ్ళతోను అమ్ముడైనది. బిళ్ళను బట్టి నాదము వేరని వాదించువారు నేటికిని కలరు. నా దృష్టిలో అది వృథావాదము. అడగవలసినది ఏ బిళ్ళ అని కాదు. ఏ పొర, ఎంత వయస్సు, ఏ వేడిలో, ఎందరి ఊపిరి తేమలో గడిపినది అని. గేఫెల్ వారు పి.వి.సి. పొరను విడువలేదు.

ఇక మా పండితుని టేపు సంగతి. పలుచనైన సగానికి కొంత మంద్రస్వరము చేర్చి చూచినాము. నిండుదనము వచ్చినది గాని ఊపిరి శబ్దము బరువెక్కినది. అందుచే ఉన్నదున్నట్లే ప్రసారము చేసినాము. అప్పటి నుండి టేపు పెట్టె మీద గాయకుని పేరు క్రింద మైకు రకముతో పాటు దాని వరుససంఖ్య కూడ వ్రాయుచున్నాము.