పాలెగార్ల యుద్ధాలు (1799–1801): కారణాలు, పర్యవసానాలు

వెంబకోట్టై, సాత్తూరుల మీదుగా ప్రవహించి సముద్రంలో కలిసే వైప్పారు నదికి దక్షిణంగా నల్లరేగడి నేల విస్తరించి ఉంది. తమిళులు కరిసల్ భూమి అని పిలిచే ఈ సీమలో, నేటి కోవిల్‌పట్టి, ఒట్టపిడారం పరిసరాలలో, 1799లోనూ 1801లోనూ ఈస్టిండియా కంపెనీకీ పాలెగార్లకూ మధ్య రెండు యుద్ధాలు జరిగాయి. వీటికి కేంద్రం పాంచాలంకురిచ్చి కోట. దాని అధిపతి వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్ వంశీయుడు. జక్కమ్మ ఆ వంశానికి కులదేవత. కట్టబొమ్మన సాహసం లోకవిదితమే. ఆ యుద్ధానికి మూలమైన అప్పుల కథ, యుద్ధానంతరం పల్లెలు చెల్లించిన మూల్యం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

పాలెముల వ్యవస్థ

16వ శతాబ్దిలో మధురను పాలించిన విశ్వనాథ నాయకుడు, ఆయన దళవాయి అరియనాథ మొదలియారు రాజ్యాన్ని 72 పాలెములుగా ఏర్పరచారని ప్రసిద్ధి. పాలెగాడు తన సీమలో పన్ను వసూలు చేసి, అందులో కొంత కప్పంగా చెల్లించేవాడు. యుద్ధం వచ్చినప్పుడు సైన్యాన్ని పంపేవాడు. ఊళ్లకు కావలి ఏర్పాటు చేసేవాడు. ఆ కావలికిగాను గ్రామస్థులు రుసుము ఇచ్చేవారు. తిరునెల్వేలి సీమలోని పడమటి పాలెములలో మరవ నాయకులు, తూర్పున నల్లరేగడి పాలెములలో తెలుగు నాయకర్లు అధికంగా ఉండేవారు. పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం ఈ తూర్పు వరుసలోనివి.

అప్పు ఎవరిది?

1736లో మధుర నాయకుల పాలన అంతరించింది. కాలక్రమాన ఈ సీమ ఆర్కాటు నవాబు అధికారం కిందికి వచ్చింది. నవాబు మహమ్మదలీ తన పీఠాన్ని నిలుపుకొనుటకు కంపెనీ సైన్యంపై ఆధారపడ్డాడు. ఆ సైన్యపు ఖర్చు ఆయన పేర బాకీగా పేరుకుపోయింది. దాన్ని తీర్చడానికి మద్రాసులోని కంపెనీ ఉద్యోగుల వద్దనే సొంతంగా అధిక వడ్డీకి అప్పులు తెచ్చాడు. ఇలా అప్పిచ్చినవారిలో పాల్ బెన్‌ఫీల్డ్ పేరుమోసినవాడు. జిల్లాల రాబడిని పంట చేతికి రాకముందే వారికి తాకట్టు పెట్టవలసి వచ్చింది. 1780లో హైదరలీ దండయాత్రతో కర్ణాటక సీమ ధ్వంసమై రాబడి మరింత క్షీణించింది. 1785లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో ఈ అప్పుల గురించి సుదీర్ఘంగా ప్రసంగించి, అప్పిచ్చినవారి అక్రమాలను ఎండగట్టాడు. అయినా బాకీలు రద్దు కాలేదు.

1792 నాటి ఒప్పందం ప్రకారం పాలెగార్ల నుండి కప్పం వసూలు చేసే అధికారం కంపెనీకి దక్కింది. నవాబు బాకీ పాలెగాని మీద, పాలెగాని కిస్తు రైతు మీద పడింది. ఈ సీమలో పత్తి, జొన్న, సజ్జ ప్రధానంగా వానాధారపు పంటలు. కలెక్టరు కచేరీలో కిస్తుకు గడువు ఉంటుంది. వానకు గడువు లేదు.

మొదటి యుద్ధం

1798లో కట్టబొమ్మన కిస్తు బాకీ పడ్డాడని కలెక్టరు జాక్సన్ ఆయనను తన వద్దకు రమ్మన్నాడు. కుర్తాళం మొదలు శ్రీవిల్లిపుత్తూరు మీదుగా తన వెంట తిప్పుకొని, చివరకు సెప్టెంబరులో రామనాథపురంలో దర్శనమిచ్చాడు. లెక్క చూడగా 1080 వరహాలు బాకీ తేలింది. అక్కడ జరిగిన ఘర్షణలో లెఫ్టినెంట్ క్లార్క్ మరణించాడు. మద్రాసు ప్రభుత్వం విచారణ జరిపి, జాక్సన్‌ను పదవి నుండి తొలగించింది. అతని స్థానంలో లషింగ్టన్ వచ్చాడు గాని వైరం చల్లారలేదు.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను మరణించడంతో కంపెనీ సైన్యానికి దక్షిణానికి కదిలే వెసులుబాటు కలిగింది. సెప్టెంబరు 5న మేజర్ బ్యానర్‌మన్ పాంచాలంకురిచ్చిపై దాడి చేశాడు. తొలి దాడి విఫలమైనా, కొద్దిరోజులలోనే కోట పట్టుబడింది. పుదుక్కోట్టై సీమలో దొరికిన కట్టబొమ్మనను అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు.

రెండవ యుద్ధం

ఊమైదురైగా ప్రసిద్ధుడైన కట్టబొమ్మన తమ్ముడు 1801 ఫిబ్రవరిలో పాళయంకోట్టై చెర నుండి తప్పించుకున్నాడు. కూలిన కోటను ప్రజలు కొద్దిరోజులలోనే తిరిగి కట్టారు. అది మే 24 వరకు నిలిచింది. తరువాత ఊమైదురై శివగంగకు చేరి మరుదు సోదరులతో కలిశాడు. అక్టోబరు 24న మరుదు సోదరులను తిరుప్పత్తూరులో, నవంబరు 16న ఊమైదురైని పాంచాలంకురిచ్చిలో ఉరితీశారు. 1802లో 70 మందికి పైగా తిరుగుబాటుదారులను పెనాంగు దీవికి ప్రవాసం పంపారు.

పర్యవసానాలు

మొదటి యుద్ధం ముగియగానే పాంచాలంకురిచ్చితోపాటు ఏళాయిరంపణ్ణై, నాగలాపురం, కోలార్‌పట్టి, కాడల్‌గుడి, కుళత్తూరు పాలెములను కంపెనీ జప్తు చేసింది. వీటిలో ఏళాయిరంపణ్ణై వెంబకోట్టైకి సమీపంలోనిదే. జప్తు చేసిన భూములను ఎట్టయపురం, మేల్‌మాందై, మణియాచ్చి అధిపతులకు పంచిపెట్టారు. పాంచాలంకురిచ్చి కోటను నేలమట్టం చేసి, ఆ చోట ఆముదాలు చల్లారని స్థానిక కథనం.

కంపెనీ పక్షాన నిలిచిన ఎట్టయపురం పేరు తమిళంలో ద్రోహానికి పర్యాయపదమైంది. ఇరు పాలెములవారిదీ ఒకే కులం, ఒకే భాష. సరిహద్దు తగాదా మాత్రం పాతది. ఆ తగాదాను కంపెనీ తనకు అనుకూలంగా వాడుకుంది. ఏలినవారు తీసుకున్న నిర్ణయానికి ఆనాటి సామాన్య కుటుంబాలు బాధ్యులు కావు.

పల్లెలలో అంతకంటె లోతైన మార్పు వచ్చింది. కోటలు పడగొట్టారు, ఆయుధాలు అప్పగించాలని ఆజ్ఞాపించారు, పాలెగార్ల కావలి హక్కులను రద్దు చేశారు. కావలి రుసుముతోనూ కొలువుతోనూ బతికిన కుటుంబాలు ఒక్కసారిగా జీవనాధారం కోల్పోయాయి. 1801 జులై 31 నాటి ఒప్పందంతో ఆర్కాటు నవాబు పరిపాలన కూడా కంపెనీ పరమైంది. 1803లో శాశ్వత శిస్తు విధానం అమలు కాగా, మిగిలిన పాలెగార్లు జమీందారులయ్యారు. శిస్తు కట్టలేకపోతే ఎస్టేటును వేలం వేసే అధికారం ప్రభుత్వానికి ఉండేది. జమీందారీ వ్యవస్థ రద్దుకు చట్టం 1948లో గాని రాలేదు.

రాయలసీమలోనూ ఇదే మార్పు జరిగింది. 1800లో ఆ జిల్లాలు కంపెనీ వశమయ్యాక, కలెక్టరు థామస్ మన్రో పాలెగార్ల అధికారాన్ని తొలగించి పలువురికి భరణాలు ఏర్పాటు చేశాడు. భరణం విషయమై మొదలైన అసంతృప్తే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక కారణం. 1847లో ఆయనను కోయిలకుంట్లలో ఉరితీశారు.

నేటి ఆనవాళ్లు

తమిళనాడు ప్రభుత్వం 1974లో పాంచాలంకురిచ్చిలో స్మారక కోట నిర్మించింది. ఆ పరిసరాలలోనే దాడులలో మరణించిన ఆంగ్లేయుల సమాధులు కూడా ఉన్నాయి. కోవిల్‌పట్టికి చేరువలోని ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. ఈ సీమకు వలస వచ్చిన తెలుగువారి జీవితం ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలకు వస్తువైంది. పాలెముల కాలపు పాత పట్టాలు, దానపత్రాలు, కావలి లెక్కలు ఇంకా కొన్ని ఇళ్ల పెట్టెలలో ఉండవచ్చు. యుద్ధంలో నష్టపోయిన సామాన్యుల పేర్లు కోట గోడలపై లేవు. అవి దొరికితే అట్టి కాగితాలలోనే దొరకాలి. కనుక వాటిని చెదలకు వదలక భద్రపరచడం అవసరం.