పొలం ఒకరిది, దారి హక్కు ఇంకొకరిది



మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తండాల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి వచ్చే పిల్లలకు పాఠాలు చెబుతున్నప్పుడు మాకు తరచూ ఒక ప్రశ్న ఎదురవుతుంది. "సార్వభౌమాధికారం అంటే తన నేల మీద ప్రభుత్వం ఏం చేసినా అడిగేవాళ్లు ఉండరా మేడమ్?"

ఉంటారు. పొలం ఒకరిదే అయినా, దాని గట్టు మీద తరతరాలుగా నడిచే దారి హక్కు పక్క రైతుది కావచ్చు. దీన్ని ఈజ్‌మెంట్ అంటారు. 1882లోనే దీనికి చట్టం వచ్చింది. రాజ్యాల మధ్య ఉండే ఇలాంటి హక్కును అంతర్జాతీయ న్యాయంలో సర్విట్యూడ్ అంటారు.

దీనికి దగ్గరి ఉదాహరణ కుప్పం పక్కనే పారే పాలారు. నంది కొండల్లో పుట్టి, కోలారు దాటి, కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడుకు పోతుంది. 1892లో మైసూరు సంస్థానం, మద్రాసు ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నాయి. పాలారుతో సహా అందులో చెప్పిన నదుల మీద మద్రాసు అనుమతి లేకుండా మైసూరు కొత్త జలాశయం కట్టకూడదు. అయితే మద్రాసు కూడా ఊరికే కాదనకూడదు. కింది రైతులకు అప్పటికే ఉన్న నీటి హక్కును కాపాడటానికి మాత్రమే అభ్యంతరం చెప్పాలి.

అప్పుడు కుప్పం మద్రాసు వైపు ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కుప్పం ఎగువ రాష్ట్రంలోకి వచ్చింది. కుప్పం దగ్గర గణేశపురంలో మన ప్రభుత్వం ఆనకట్ట తలపెడితే, 2006లో తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1892 ఒప్పందాన్నే చూపించింది. నిన్న మనల్ని కాపాడిన హద్దే నేడు మనకు అడ్డం వచ్చింది. కుప్పం రైతుకూ నీళ్లు కావాలి, వేలూరు రైతుకూ కావాలి.

దేశాల మధ్య కూడా ఇలాంటి తగువే నడిచింది. దాద్రా, నగర్ హవేలీ అప్పట్లో పోర్చుగల్ చేతిలో ఉండేవి. చుట్టూ ఉన్నది భారత భూమి. 1954లో అక్కడ పోర్చుగీసు పాలన కూలింది. దారి ఇవ్వలేదని పోర్చుగల్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1960లో తీర్పు వచ్చింది. నూరేళ్లకు పైగా సాగిన ఆచారం వల్ల సాధారణ ప్రజలకు, సివిల్ అధికారులకు, సరుకులకు దారి హక్కు ఉంది, సైన్యానికి, ఆయుధాలకు లేదు, భారత్ తప్పు చేయలేదు అని కోర్టు చెప్పింది.

ఇప్పుడు మన అడవి సంగతి. అడవి ప్రభుత్వానిదే. కానీ 2006 అటవీ హక్కుల చట్టం పశువుల మేత, చిన్న తరహా అటవీ ఉత్పత్తులు, సంచార జాతుల రాకపోకలు, నీటి వనరుల వాడకం వంటివాటిని హక్కులుగా గుర్తించింది. మన తాతలు బతిమాలి నడిచిన దారిలో మనం హక్కుతో నడవొచ్చు. కానీ ఆ హక్కు కాగితం మీదకు రావాలి. వ్యక్తిగత హక్కుకు ఫారం-ఎ, సామూహిక హక్కుకు ఫారం-బి గ్రామసభలో ఇవ్వాలి.

మీ ఊళ్లో పెద్దల పక్కన కూర్చోండి. ఏ గుట్టకు ఏ దారిన పోయేవారో, ఏ కుంటలో పశువులకు నీళ్లు తాపేవారో అడిగి రాసుకోండి. పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. వాళ్లుండగానే రాసుకుంటే అది మీ చేతిలో ఉంటుంది.