లెడ్ జెప్పెలిన్ తొలి ఆల్బమ్: కర్తృత్వ సమస్య

చిత్తూరు జిల్లా ఐరాల వంటి ప్రాంతాల్లో వేసవిలో జరిగే మహాభారత ఉత్సవాల్లో, రాత్రి వీధినాటకంలో వినిపించే పాటను ఎవరు కట్టారని సాధారణంగా ఎవరూ అడగరు. అదే పాట రికార్డుగా అమ్ముడైనప్పుడు మాత్రం కర్త పేరు ఆస్తిహక్కు అవుతుంది. ఈ మార్పు పర్యవసానాలను బ్రిటిష్ బ్లూస్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ తొలి ఆల్బమ్‌లో స్పష్టంగా గమనించవచ్చు.

1968 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో సుమారు 36 గంటల పనితో ఈ ఆల్బమ్ సిద్ధమైంది. అప్పటికి ఏ కంపెనీతోనూ ఒప్పందం లేదు. ఖర్చు గిటారిస్టు జిమ్మీ పేజ్ భరించాడు. 1969 జనవరి 12న అట్లాంటిక్ సంస్థ దీనిని అమెరికాలో విడుదల చేసింది.

నల్లజాతి కళాకారుల నుంచి శ్వేతజాతి బృందాలు పాటలు కాజేశాయన్నది తరచుగా వినిపించే విమర్శ. ఈ ఆల్బమ్‌కు అది పూర్తిగా సరిపోదు. చివరి పాటలో హౌలిన్ వుల్ఫ్ ఛాయలున్నా ఆయన పేరు లేదన్నది నిజమే. అయితే నల్లజాతి రచయిత విల్లీ డిక్సన్ రాసిన రెండు పాటలకు ఆయన పేరే వేశారు. మరోవైపు, శ్వేతజాతి గాయకుడు జేక్ హోమ్స్ 1967లో వెలువరించిన 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' పేజ్ పేరిట వచ్చింది. హోమ్స్ 2010లో దావా వేశాడు. అది రాజీతో ముగిశాక, హోమ్స్ ప్రేరణతో రచించినదన్న మాట తర్వాతి ముద్రణల్లో చేరింది. 'బ్లాక్ మౌంటెన్ సైడ్' మరీ విచిత్రం. అందులో తబలా వాయించిన విరామ్ జసాని పేరు అట్టపై ఉంది. ఆ గిటార్ బాణీకి ఆధారమైన కూర్పు చేసిన బెర్ట్ జాన్ష్ పేరు లేదు.

'బేబ్ ఐయామ్ గానా లీవ్ యూ' ఉదంతం వీటికి భిన్నమైనది. పేజ్ ఆ పాటను జోన్ బాయెజ్ రికార్డు ద్వారా గ్రహించి, దానిని సంప్రదాయ గీతంగా, కూర్పు తనదిగా ప్రకటించాడు. ఇక్కడ దురుద్దేశం కన్నా 'సంప్రదాయం' అనే మాటపై ఉంచిన నమ్మకమే పొరపాటుకు మూలమని నా అభిప్రాయం. మన సంకలనాల్లో 'జానపదం' అన్న మాట కూడా పాడినవారి పేరు అడగనక్కర లేకుండా చేస్తుంది. ఆ పాటను 1950ల చివరలో కట్టిన ఆన్ బ్రెడన్ అప్పటికి జీవించే ఉన్నది. ఈ ఆల్బమ్‌లో తన పాట ఉన్న సంగతి ఆమెకు 1980లలో గాని తెలియలేదు. 1990 నుంచి ఆమె పేరు వేస్తున్నారు.