ఆ ఊళ్లో ఒకే గొంతు

జోన్స్‌టౌన్ అనగానే అందరికీ విషమే గుర్తొస్తుంది. ఆ విషం తాగినవాళ్లు అక్కడిదాకా ఏ ఆశతో వెళ్లారో తలుచుకునేవాళ్లు తక్కువ.

1950ల్లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసే చర్చిలు అరుదు. జిమ్ జోన్స్ పెట్టిన పీపుల్స్ టెంపుల్‌లో కూర్చున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు అక్కడ అన్నం పెట్టారు. దిక్కులేని ముసలివాళ్లను చేరదీశారు. ఇదంతా ఉత్త నాటకమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. కాలిఫోర్నియాకు తరలివెళ్లాక కూడా, నెలనెలా వచ్చే పింఛను ఆ సంఘం చేతిలో పెట్టిన నల్లజాతి ముసలమ్మల నమ్మకంలో నాటకం లేదు.

జోన్స్ పట్టు మెల్లమెల్లగా బిగిసింది. ముందు ‘నాన్న’ అని పిలిపించుకున్నాడు. ఆనక ఇళ్లూ ఆస్తులూ రాయించుకున్నాడు. తప్పు చేశారని నలుగురిలో నిలబెట్టి కొట్టించాడు. మొగుడూ పెళ్లాల మధ్యకూ, తల్లీబిడ్డల మధ్యకూ తానే వచ్చాడు. బయటికి వెళ్లిపోయినవాళ్లు 1977లో ఒక పత్రికకు అన్నీ చెప్పేసరికి, వందలమందిని గయానా అడవిలోని జోన్స్‌టౌన్‌కు తరలించాడు. అక్కడ పాస్‌పోర్టులు లాగేసుకున్నారు. ఉత్తరాలు చదివిగానీ పంపేవారు కాదు. పొలంలో ఉన్నా, పడక మీద ఉన్నా, లౌడ్‌స్పీకర్‌లో అతని గొంతే. ‘వైట్ నైట్’ పేరుతో జనాన్ని రాత్రిళ్లు లేపి, చావడానికి సిద్ధమేనా అని పరీక్షించేవాడు.

1978 నవంబరులో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు లియో ర్యాన్ ఆ ఊరు చూడటానికి వచ్చాడు. ఊరిలో వెయ్యిమంది దాకా ఉంటే, ఆయనతో వెళ్లిపోతామన్నది గుప్పెడుమంది. జోన్స్ ఆ గుప్పెడుమందినీ పోనివ్వలేకపోయాడు. 18వ తేదీన విమానం దగ్గరే ర్యాన్‌నూ మరో నలుగురినీ జోన్స్ మనుషులు కాల్చి చంపారు.

ఆ సాయంత్రం, ఇక అందరం చావాల్సిందేనని జోన్స్ చెప్పిన సభలో, క్రిస్టీన్ మిల్లర్ అనే నల్లజాతి పెద్దావిడ మైకు దగ్గరికి వచ్చింది. రష్యాకు వెళ్లిపోయే దారి లేదా అని అడిగింది. పసిపిల్లలకు బతికే హక్కు ఉందంది. ఇన్నేళ్లూ ఆమెతో కలిసి బతికినవాళ్లే కేకలేసి ఆమె నోరు మూయించారు. జోన్స్ ఆమెను స్వయంగా ఆపాల్సిన పని కూడా పెద్దగా పడలేదు. అన్నేళ్ల తర్ఫీదు ఆ పని చేసింది.

అక్కడ 909 మంది పోయారు. అందులో పిల్లలే సుమారు 300. వాళ్లకే ముందు విషం పట్టించారు. దాన్ని సామూహిక ఆత్మహత్య అంటే నేనొప్పుకోను.

ఎవరూ అడగని, ఎవరో తెలియని నాలుగు వందలకు పైగా శవాలను ఓక్లండ్‌లోని ఎవర్‌గ్రీన్ శ్మశానంలో పూడ్చారు. 2011లో అక్కడ రాతి పలకల మీద చనిపోయినవాళ్ల పేర్లు చెక్కించారు. జోన్స్ పేరూ వాటిలో ఉంది. పిల్లల్ని పోగొట్టుకున్న కొన్ని కుటుంబాలకు అది మింగుడుపడలేదు. నాకూ పడలేదు.