గాలం వేట మర్యాదలు

గాలం వేట మర్యాదలు అనగా గాలంతో చేపలు పట్టేవారు ఒకే నీటి వద్ద ఎక్కువమంది చేరినపుడు ఒకరిపట్ల ఒకరు, ఆ నీటిపై ఆధారపడి బ్రతికేవారిపట్ల, చేపలపట్ల పాటించే కట్టుబాట్లు. వీటిలో కొన్నింటికి చట్టపు బలం ఉన్నది. మిగిలినవి వ్రాతలో లేకున్నా పెద్దల నుండి పిన్నలకు అలవాటుగా అందుతున్నవి. ప్రపంచంలో ఈ మర్యాదల గురించి ఎక్కువగా వ్రాయబడినది ట్రౌట్ చేపల వేటకు సంబంధించి. తెలుగు ప్రాంతాలలో ట్రౌట్ లేదు. అయినా చెరువు కట్టల మీద, మత్తడుల వద్ద, వాగుల ఒడ్డున ఇటువంటి సందర్భాలే ఎదురవుతాయి. ఈ వ్యాసంలో ఖమ్మం జిల్లా కారేపల్లి పరిసరాల చెరువులు, వాగులను ఉదాహరణగా తీసుకొనడం జరిగినది.

ఈ మర్యాదలన్నీ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి: నీరు ఎవరిది? చోటు ఎవరిది? చేప ఎవరిది?

చరిత్ర

గాలం వేట గురించి ఆంగ్లంలో అచ్చయిన తొలి గ్రంథం 1496లో ఇంగ్లాండులో వెలువడినది. దీనిని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రచించినట్లు చెబుతారు కాని ఆ విషయం నిర్ధారణ కాలేదు. చేపలు పట్టే విధానంతో పాటు వేటగాని నడవడిక కూడా అందులో చెప్పబడినది. పేదవాని నీటిలో అతని అనుమతి లేకుండా చేపలు పట్టరాదనీ, ఇతరులు పన్నిన మావులలోని చేపలను తీసుకొనరాదనీ, దారిలో కంచెలు విరగగొట్టరాదనీ, తెరచిన తలుపును తిరిగి మూయాలనీ, అవసరానికి మించి చేపలు పట్టరాదనీ ఆ గ్రంథం సూచిస్తుంది. 1653లో ఐజాక్ వాల్టన్ రచించిన 'ది కంప్లీట్ ఏంగ్లర్' ఈ వేటను ఓర్పు, స్నేహం నేర్పే కాలక్షేపంగా ప్రసిద్ధం చేసినది.

ట్రౌట్ చల్లని, ప్రాణవాయువు సమృద్ధిగా గల నీటిలో జీవించే చేప. ఆంగ్లేయుల కాలంలో, 1900 ప్రాంతంలో, దీనిని కాశ్మీరుకు తెచ్చారు. దక్షిణ భారతదేశంలో నీలగిరులలోని అవలాంచి వద్ద 1907లో ట్రౌట్ పిల్లల ఉత్పత్తి కేంద్రం ఏర్పడినది. ఎండాకాలంలో బాగా వేడెక్కే తెలంగాణ చెరువులు ఈ చేపకు అనుకూలమైనవి కావు.

ట్రౌట్ నదుల పద్ధతి

ట్రౌట్ సాధారణంగా ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది. కనుక చాలామంది వేటగాళ్ళు దాని వెనుక నుండి, అనగా దిగువ నుండి ఎగువకు నడుస్తూ గాలం వేస్తారు. అట్లు నడుస్తున్న వానికి ముందు ఎగువన మరొకరు నీటిలో దిగితే అక్కడి చేపలు బెదరిపోతాయి. అందువలన తరువాత వచ్చినవారు ముందున్న వానికి వెనుక, తగినంత దూరంలో దిగడం గాని, గట్టు మీదుగా చుట్టి చాలా దూరం పోయి దిగడం గాని మర్యాద. సాల్మన్ చేపల మడుగులలో మరొక పద్ధతి కలదు. అందరూ మడుగు ఎగువ కొన వద్ద వరుసలో దిగి, గాలం వేసిన ప్రతిసారి ఒక అడుగు దిగువకు జరుగుతారు. చివరికి చేరినవారు బయటకు వచ్చి మరల వరుస చివరన నిలబడతారు. దీనివలన మంచి చోటు ఏ ఒక్కరి సొత్తూ కాకుండా అందరికీ వంతు దొరుకుతుంది.

కారేపల్లి పరిసరాలు

కారేపల్లి ఖమ్మం జిల్లా సింగరేణి మండలానికి కేంద్రం. డోర్నకల్ - భద్రాచలం రోడ్ రైలు మార్గంలో ఇది ఒక జంక్షన్. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినపుడు పొరుగున ఉన్న ఇల్లందు, కొత్తగూడెం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి, బయ్యారం, గార్ల మహబూబాబాదు జిల్లాలోకి వెళ్ళగా కారేపల్లి ఖమ్మం జిల్లాలోనే ఉన్నది. తూర్పున అడవులు మొదలవుతాయి. కోయ గూడేలు, లంబాడీ తండాలు ఈ ప్రాంతంలో ఎక్కువ.

ఈ సరిహద్దు కృష్ణా, గోదావరి పరీవాహకాల మధ్య ఉన్నది. పడమటి వైపున మున్నేరు, దక్షిణాన వైరా నీటిని కృష్ణానదికి చేర్చుతాయి. తూర్పున కిన్నెరసాని గోదావరిలో కలుస్తుంది. సమీపంలోని బయ్యారం పెద్దచెరువు కాకతీయుల కాలం నాటిది. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినట్లు అక్కడి శాసనం తెలుపుతుంది. ఇటువంటి పెద్ద చెరువులతో పాటు గ్రామాలలో అనేక చిన్న కుంటలు కలవు.

ఈ నీళ్ళలో గాలానికి చిక్కే ముఖ్యమైన చేపలు: బొచ్చె, రవ్వ, బంగారుతీగ, కొరమీను, వాలుగ, జెల్లలు, పరకలు. సాధారణ గాలపు సామగ్రి వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, కొక్కెం. ఎరగా వానపాములను (వీటిని ఎర్రలు అంటారు), పిండి ముద్దలను, కొరమీనుకు చిన్న కప్పలను వాడతారు.

నీరు ఎవరిది?

గాలం వేసే ముందు తెలుసుకొనవలసిన మొదటి విషయం ఇది. తెలంగాణలో మత్స్యశాఖ పరిధిలోని చెరువులలో చేపలు పట్టే హక్కు సాధారణంగా కౌలుపై మత్స్యకారుల సహకార సంఘాలకు ఉంటుంది. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త మొదలగు కులాలవారు ఈ సంఘాలలో సభ్యులు. చిన్న కుంటలు గ్రామ పంచాయతీల అధీనంలో ఉంటాయి. షెడ్యూల్డ్ ప్రాంతాలలో చిన్న నీటి వనరుల నిర్వహణను తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది.

సంఘాలు వానాకాలంలో చేపపిల్లలను చెరువులో వదిలి, నీరు తగ్గిన తరువాత వేసవిలో వలలతో పెద్ద వేట సాగిస్తాయి. 2016-17 నుండి తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను పంపిణీ చేసే పథకం చేపట్టినది. నీరు కొద్ది నెలలే నిలిచే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడవునా నీరుండే జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలను ఈ పథకంలో నిర్ణయించారు. నెలల తరబడి పెరగవలసిన ఈ పిల్లలు ముందుగానే గాలానికి చిక్కితే నష్టపోయేది సంఘంలోని కుటుంబాలు. సరదాగా వచ్చినవానికి అది ఒక పూట కూర. మత్స్యకారునికి ఏడాది ఆదాయంలో భాగం. కనుక చెరువు మీద కాపలా ఉన్నవారిని గాని, సంఘం పెద్దను గాని అడిగి, వారు వద్దంటే వెనుదిరగడం మొదటి మర్యాద. అనుమతి ఇచ్చిన చోట కూడా వేలెడంత పిల్లలను గాయపడకుండా విడిపించి నీటిలో వదలాలి. నీటిలో కట్టి ఉంచిన వలల దగ్గర గాలం వేయరాదు. కొక్కెం చిక్కుకొంటే వల చిరుగుతుంది.

కిన్నెరసాని వంటి అభయారణ్యాలలో ప్రవేశానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అటవీశాఖ అనుమతి అవసరం. ఇతర దేశాలలో స్థిరపడిన తెలుగువారికి కూడా ఇటువంటి నిబంధనలు వర్తిస్తాయి. అమెరికాలో గాలం వేటకు సాధారణంగా ఆయా రాష్ట్రాల లైసెన్సు తీసుకోవాలి. పట్టదగిన చేపల పొడవు, సంఖ్య నిర్ణయించబడి ఉంటాయి.

చోటు ఎవరిది?

సంవత్సరంలో మూడు సందర్భాలలో నీటి వద్ద జనం ఎక్కువగా చేరుతారు.

• చెరువు నిండి మత్తడి దూకినపుడు. కొత్తనీటి వాసనకు చేపలు ప్రవాహానికి ఎదురెక్కుతాయి. మత్తడి దిగువన అవి గుంపులుగా చేరడం వలన గాలాలు, వలలు పట్టుకొని ఊరంతా అక్కడికే వస్తుంది.
• జూన్ మొదటి వారం తరువాత వచ్చే మృగశిర కార్తె నాడు. ఆ రోజు చేపలు తినడం తెలంగాణలో ఆచారం.
• వేసవిలో సంఘం పెద్ద వేట ముగిసినపుడు. బురదలో మిగిలిన చేపలను ఊరివారు పట్టుకొనడానికి వదలివేసే ఆనవాయితీ చాలా గ్రామాలలో కలదు. సంఘం వేట పూర్తికాకముందే జనం చెరువులో దిగితే దానిని 'లూటీ' అంటారు. ఇది ఊళ్ళలో తగవులకు, కొన్నిసార్లు పోలీసు కేసులకు దారితీస్తుంది. ఒకే చర్య పెద్దల మాట తరువాత జరిగితే ఆనవాయితీ, ముందు జరిగితే దోపిడి అవుతుంది.

ఇటువంటి సమయాలలో గట్టు మీద పాటించవలసిన ముఖ్యమైన మర్యాదలు ఇవి:

• ముందు వచ్చి కూర్చున్నవానిదే ఆ చోటు. అతడు లేచి వెళ్ళేవరకు ఆ రేవు అతనికే వదలాలి. పక్కన కూర్చొనదలచినవారు "అన్నా, ఇక్కడ వేయవచ్చునా?" అని అడగడం తగినది. వయసులో పెద్దవారిని తాతా, మామా అని పిలిచి అడుగుతారు.
• రెండు గాలాల మధ్య కనీసం కర్ర పొడవుకు మించిన దూరం ఉండాలి. ఎదుటివాని బెండు మీదుగా దారం వేయరాదు.
• విసురు వల వేసేవారు గాలాలు ఉన్న చోటికి దూరంగా వేయాలి. ఒక్కసారి వల పడితే ఆ చుట్టుపక్కల చేపలు చాలాసేపటి వరకు తిరిగి రావు.
• పక్కవానికి పెద్ద చేప తగిలినపుడు తమ గాలాన్ని నీటి నుండి తీసి దారి ఇవ్వాలి. అడిగితేనే సాయపడాలి. ఇతరుల దారాన్ని పట్టుకొని లాగరాదు.
• దారాలు చిక్కుపడితే తప్పు ఎవరిదైనా ఇద్దరూ కలిసి విప్పుకొనాలి. తెంచక తప్పనపుడు తరువాత వచ్చినవాని దారం తెంచడం న్యాయం.
• కట్ట అంచున బరువుగా నడవడం, రాళ్ళు విసరడం, నీటిపై నీడ పడేటట్లు నిలబడడం కూడదు. చేపలకు శరీరానికి ఇరువైపులా పార్శ్వరేఖ అనే జ్ఞానాంగం ఉంటుంది. దీనితో అవి నీటి కదలికలను పసిగడతాయి. మెల్లని మాటల కన్న అడుగుల అదురు చేపలను ఎక్కువగా బెదరిస్తుంది.
• పశువులు నీరు త్రాగే రేవు, బట్టలు ఉతికే రేవు వద్ద గాలం వేయరాదు.

చేప ఎవరిది?

గాలానికి చిక్కిన చేప పట్టినవానిదే. కాని కొన్ని చేపలను పట్టకుండా వదలడమే మర్యాద. దీనికి మంచి ఉదాహరణ కొరమీను. 2016లో దీనిని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. వానాకాలం మొదట్లో ఇది గట్టు ప్రక్కన గడ్డి మధ్య గుడ్లు పెడుతుంది. ఎర్రని పిల్లలు కొద్ది వారాలపాటు ఒకే గుంపుగా తిరుగుతూ గాలి కొరకు మాటిమాటికి నీటిపైకి వస్తాయి. తల్లిదండ్రులు వాటి క్రిందనే ఉండి కాపలా కాస్తాయి.

ఆ సమయంలో దగ్గరకు వచ్చిన దేనినైనా పెద్ద కొరమీను కరుస్తుంది. ఆకలి కొరకు కాక పిల్లలను కాపాడుకొనడానికి అది అట్లు చేస్తుంది. అందుచేత పిల్లల గుంపు కనిపించిన చోట గాలం వేస్తే పెద్ద చేప తేలికగా చిక్కుతుంది. కాని కాపలా పోయిన పిల్లలు ఇతర చేపలకు, కొంగలకు ఆహారమవుతాయి. ఒక చేప కొరకు ఒక తరం పోతుంది. పిల్లలు విడిపోయేవరకు ఆ చోటును వదిలిపెట్టడం వలన నష్టం ఏమీ లేదు. ఆ చేపలు అదే చెరువులో ఉంటాయి. మత్తడి వద్ద ఎదురెక్కే చేపలలో కూడా గుడ్లతో ఉన్నవి ఎక్కువగా ఉంటాయి. కనుక అవసరానికి సరిపడా మాత్రమే పట్టడం ఉచితం.

భద్రత, శుభ్రత

మత్తడి రాళ్ళు పాచి పట్టి జారుతాయి. ప్రవాహం మోకాలి ఎత్తున ఉన్నా మనిషిని పడగొట్టగలదు. పిల్లలను మత్తడి మీదకు రానీయకుండా చూడడం అక్కడ ఉన్న పెద్దలందరి బాధ్యత. గాలం విసిరే ముందు వెనుక ఎవరున్నారో, పైన విద్యుత్తు తీగలు ఉన్నవో చూచుకొనాలి.

తెగిన నైలాన్ దారం త్వరగా కుళ్ళిపోదు. అది కొంగల కాళ్ళకు చుట్టుకొంటుంది. బురదలో వదలిన కొక్కెం పశువుల గిట్టలలో, మనుషుల పాదాలలో గుచ్చుకొంటుంది. తెచ్చిన వస్తువులన్నీ తిరిగి తీసుకొనిపోవాలి.

నిషిద్ధ పద్ధతులు

తోటాలు పేల్చి గాని, నీటిలో విషం కలిపి గాని చేపలు పట్టడాన్ని భారత మత్స్య చట్టం, 1897 నిషేధించినది. ఈ పద్ధతుల వలన పెద్దచేపలతో పాటు పిల్లలు, ఇతర జలచరాలు నశిస్తాయి. విషం కలిసిన నీటిని త్రాగిన పశువులకు కూడా ప్రమాదం. నీటిలోకి విద్యుత్తు ప్రసరింపజేయడం పట్టేవారికే ప్రాణాంతకం. ఇటువంటివి కనిపించినపుడు ఊరుకొనక సంఘానికి, పంచాయతీకి తెలుపడం కూడా మర్యాదలో భాగమే.

ఇవి కూడా చూడండి

• కొరమీను
• చెరువు
• మృగశిర కార్తె
• కిన్నెరసాని నది
• సింగరేణి మండలం